తెల్లవారుజామున టర్కీ పుంజుని పిలవడం ఎలా: మిస్సోరిలో వసంతకాలపు వేట

ఏప్రిల్ మూడో వారం, ఉదయం 5.40. ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నారు. ఇంకా చెట్ల ఆకారాలు తప్ప ఏమీ కనపడటం లేదు. అప్పుడు వంద గజాల అవతల, పైన కొమ్మ మీద నుంచి ఒక పుంజు కూస్తుంది. మన నాటుకోడిలా సాగదీసిన కూత కాదు. గొంతులో గులకరాళ్ళు పోసి ఒక్కసారిగా కదిపినట్టు ఉంటుంది. ఇక్కడివాళ్ళు దీన్ని గాబుల్ అంటారు. తొమ్మిది వసంతాల నుంచి వింటున్నాను, ఇప్పటికీ విన్న ప్రతిసారీ నా చేతులు వణుకుతాయి.

అమెరికాలో ఉంటూ ఈ వేట నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను వెళ్ళేది మిస్సోరి అడవులకి కాబట్టి ఇక్కడి పద్ధతులే చెప్తాను. మీ రాష్ట్రంలో తేదీలు, నియమాలు వేరుగా ఉంటాయి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట లేదు, ఉండకూడదు కూడా. ఇక్కడి పరిస్థితి వేరు. గత శతాబ్దం మొదట్లో అమెరికాలో అడవి టర్కీలు దాదాపు అంతరించిపోయే దశకి వచ్చాయి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసిన పన్నుతో, లైసెన్స్ డబ్బులతో వాటిని మళ్ళీ పెంచారు. మిగిలిన పక్షుల్ని వలలతో పట్టి కొత్త అడవుల్లో వదిలారు. మిస్సోరిలో 1960లో మళ్ళీ వేట తెరిచినప్పుడు 14 కౌంటీల్లో మూడు రోజులే అనుమతించారు, మొత్తం దొరికినవి 94 పక్షులు. మీరు కొనే లైసెన్స్ కూడా ఆ పనిలో భాగమే.

ముందు కాగితాలు

ఈ విషయంలో తొందరపడొద్దు. మీరు హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉంటే, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం నిషేధం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. అంటే లైసెన్స్ లేకుండా స్నేహితుడి తుపాకీని షూటింగ్ రేంజ్‌లో సరదాగా పట్టుకున్నా తప్పే అవుతుంది. లైసెన్స్ గడువు అయిపోతే మినహాయింపు కూడా పోతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. వీసా మీద ఉన్నవాళ్ళు మొదలుపెట్టే ముందు ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఆ ఖర్చు దండగ కాదు. ఈ టెన్షన్ వద్దనుకుంటే విల్లు ఉంది, మిస్సోరిలో వసంతకాలపు టర్కీ వేటకి విల్లు కూడా అనుమతిస్తారు.

1967 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు మిస్సోరిలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. తరవాత టర్కీ పర్మిట్ కొనుక్కోవాలి. రాష్ట్ర కన్సర్వేషన్ డిపార్ట్‌మెంట్ ప్రతి ఏడాదీ వసంతకాలపు టర్కీ వేట పుస్తకం వేస్తుంది. సీజన్ తేదీలు, ఎన్ని పక్షులు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, అన్నీ అందులో ఉంటాయి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చడానికి అనుమతి. ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి ఆపేయాలి. ప్రతి ఏడాదీ కొత్త పుస్తకమే చూడండి, నిరుటి జ్ఞాపకం మీద వెళ్ళొద్దు.

తుపాకీ, బట్టలు

12 గేజ్ గానీ 20 గేజ్ గానీ (గేజ్ అంటే గొట్టం కొలత) షాట్‌గన్, దానికి టర్కీ చోక్, అంటే గుళ్ళు మరీ చెదరకుండా గొట్టం కొనకి బిగించే ముక్క. మిస్సోరిలో 4వ నంబర్ కంటే పెద్ద పెల్లెట్లు (తూటాలోని చిన్న గుళ్ళు; నంబర్ తగ్గేకొద్దీ గుండు పెద్దది) వాడకూడదు. సీజన్‌కి ముందే 20, 30, 40 గజాల్లో కాగితం పెట్టి కాల్చి చూడండి. 40 గజాల దగ్గర పది అంగుళాల వలయంలో వంద పెల్లెట్లు పడాలని ఇక్కడి వేటగాళ్ళ లెక్క. అన్ని పడకపోతే మీ హద్దు 30 గజాలే అనుకోండి.

టర్కీకి వాసన పెద్దగా తెలియదు, కానీ కళ్ళు మాత్రం అమోఘం. రంగులు చూస్తుంది, తల తిప్పకుండానే చుట్టూ చాలా మేర కనపడుతుంది. అందుకే ముఖానికి ముసుగు, చేతులకి గ్లౌజులు సహా ఒళ్ళంతా అడవి రంగులే ఉండాలి. ఎరుపు, తెలుపు, నీలం మాత్రం లోపలి బనీనులో, సాక్సులో కూడా వద్దు. అవి పుంజు తల రంగులు. పొద మాటున తెల్లని చేతిరుమాలు కదిలితే ఇంకో వేటగాడికి అది పుంజు తలలా కనపడొచ్చు.

కూతలు నేర్చుకోవడం

ఇంట్లోవాళ్ళ చెవులు చిల్లులు పడే భాగం ఇది. ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి.

మొదటి పరికరం బాక్స్ కాల్. దేవదారు జాతి చెక్కతో చేసిన సన్నటి పెట్టె, పైన కదిలే మూత. మూతని అంచు మీద రాస్తే పెట్ట గొంతు వస్తుంది. కొత్తవాళ్ళకి ఇదే సులువు. మూత అడుగున నూనె లేని సుద్ద రాయాలి, తడిస్తే మూగబోతుంది కాబట్టి జిప్ కవర్‌లో పెట్టుకోండి. రెండోది పాట్ కాల్. చిన్నప్పుడు పలక మీద బలపంతో గట్టిగా గీస్తే కీచుమనేది గుర్తుందా? సరిగ్గా అదే సూత్రం. గుండ్రటి గిన్నెలో పలక రాయి బిగించి ఉంటుంది, దాని మీద చెక్కపుల్లని పెన్నులా పట్టుకుని చిన్న చిన్న గీతలు గీయాలి. పుల్ల కొన రాయి మీద నుంచి లేవకూడదు, లేస్తే శబ్దం తెగిపోతుంది. రాయి నున్నబడితే గరుకు కాగితంతో రుద్దండి. మూడోది నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, మధ్యలో రబ్బరు పొర. మొదటి వారం వాంతి వచ్చేలా ఉంటుంది. మూడు వారాలు కారులో వెళ్తూ వస్తూ సాధన చేస్తే పలుకుతుంది. పుంజు దగ్గరికి వచ్చాక రెండు చేతులూ తుపాకీ మీదే ఉండాలి కాబట్టి ఎప్పటికైనా ఇది నేర్చుకోక తప్పదు. నేను మొదటి రెండేళ్ళూ పాట్ కాల్‌తోనే వెళ్ళాను. ఎలక్ట్రానిక్ పరికరాలతో కూత వినిపించడం ఇక్కడ నిషేధం.

నేర్చుకోవలసిన మాటలు నాలుగే. యెల్ప్ అంటే పెట్ట మామూలు పిలుపు: క్యౌక్, క్యౌక్, క్యౌక్ అని అయిదారు సార్లు ఒకే నడకలో. క్లక్ అంటే ఒక్క పొడి శబ్దం, 'టొక్', ఇక్కడే ఉన్నాను అన్నట్టు. పర్ అంటే మేస్తూ తృప్తిగా గుర్‌ర్‌ర్ అనడం. కటింగ్ అంటే వరసగా, కోపంగా, వేగంగా పడే క్లక్‌లు. అయిదోది పట్. అది మీరు చేయకూడదు, వింటే మాత్రం గుర్తుపట్టాలి. పదునుగా 'టక్' అంటుంది, అంటే మిమ్మల్ని చూసేసింది. ఆ తరవాత మీకు రెండు సెకన్లు కూడా ఉండవు.

స్వరం కన్నా నడక ముఖ్యం. అడవిలో నిజం పెట్టల్ని వినండి, కొన్ని మహా బండగా, కీచుగా అరుస్తాయి. అయినా పుంజులు వస్తాయి. ఎందుకంటే వాటి లయ సరిగ్గా ఉంటుంది.

ముందురోజు సాయంత్రమే సగం పని

టర్కీలు రాత్రిళ్ళు పెద్ద చెట్ల కొమ్మల మీద నిద్రపోతాయి. అవి ఏ చెట్టెక్కాయో ముందురోజు తెలిస్తే తెల్లవారుజామున వెతుక్కునే పని ఉండదు. పగలు తిరిగేటప్పుడు గుర్తులు చూడండి: ఆకులు చెదరగొట్టి గోకిన నేల, దుమ్ములో పొర్లిన గుంటలు, రెట్టలు. పుంజు రెట్ట కొక్కెంలా వంకరగా, పెట్ట రెట్ట గుండ్రంగా చుట్టగా ఉంటుంది.

సూర్యాస్తమయం వేళకి ఒక గట్టు మీద నిలబడి గుడ్లగూబలా కూయండి. ఇక్కడి అడవి గుడ్లగూబ ఎనిమిది ముక్కల్లో కూస్తుంది: హూ హూ హు-హూ, హూ హూ హు-హూఓ. అది విని పుంజు ఉలిక్కిపడి గాబుల్ చేస్తుంది. అది మీకు జవాబు కాదు, పెద్ద శబ్దం వింటే దాని గొంతు తనంతట తనే లేస్తుంది. కాకి కూత కూడా పనిచేస్తుంది. పుంజుని వెతకడానికి పెట్ట పిలుపు మాత్రం వాడొద్దు, మీరు కూర్చునే లోపే అది నడిచి వచ్చేస్తే మీరు దారి మధ్యలో దొరికిపోతారు.

చీకటితోనే కూర్చోవాలి

ఏప్రిల్ చివర్లో ఇక్కడ సూర్యోదయం సుమారు 6.20. 5.15కల్లా మీరు చెట్టు కింద ఉండాలి. పుంజు ఉన్న చెట్టుకి 100 నుంచి 150 గజాల దూరం చాలు, అంతకన్నా దగ్గరికి వెళ్తే కొమ్మ మీద నుంచి చూస్తుంది. వీలైతే దానికన్నా కాస్త ఎత్తులో, లేదా సమానమైన నేల మీద కూర్చోండి. పల్లంలోకి దిగి రావడం దానికి ఇష్టముండదు. మధ్యలో వాగు, కంచె, ముళ్ళపొద లేకుండా చూసుకోండి.

మీ భుజాల కన్నా వెడల్పైన చెట్టుకి ఆనుకోండి. అది మీ ఆకారాన్ని దాస్తుంది, వెనక నుంచి ఎవరైనా పొరపాటున కాలిస్తే అడ్డం కూడా ఉంటుంది. ఎడమ మోకాలు ఎత్తి దాని మీద తుపాకీ పెట్టుకోండి (మీది ఎడమచేతి వాటమైతే కుడి మోకాలు). చుట్టూ ఎండుటాకులు పాదాలతో పక్కకి తోసి మట్టి కనపడేలా చేయండి, తరవాత కదిలినా చప్పుడు రాదు.

దీమం పెట్టాలా వద్దా? పుంజుని ఆకర్షించడానికి పెట్టే బొమ్మ పక్షిని డికాయ్ అని ఇక్కడంటారు, మనకి దీమం అనే చక్కటి పాత మాట ఉంది. బయలు నేలలో పనికొస్తుంది, దట్టమైన అడవిలో అవసరం లేదు. పెడితే 15, 20 గజాల్లో పెట్టండి. మోసేటప్పుడు సంచిలో పూర్తిగా కప్పి మోయండి. పుంజు తోక విసనకర్రలా పట్టుకుని దాని వెనక పాకే పద్ధతి ఒకటి చూపిస్తుంటారు, దాని జోలికి వెళ్ళొద్దు. ప్రాణాలకే ప్రమాదం.

ఎవరైనా మీవైపు నడిచి వస్తుంటే చెయ్యి ఊపొద్దు, టర్కీ కూత కూయొద్దు. మామూలు మనిషి గొంతుతో గట్టిగా "నేనిక్కడున్నాను" అని ఇంగ్లిష్‌లో అరవండి. ఆ రోజు వేట పోతే పోనీ.

అది చెట్టు మీద ఉండగా

ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. ప్రకృతిలో జరిగేది ఏమిటంటే, పుంజు కూస్తుంది, పెట్టలు దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. మీరు పెట్టలా పలికి పుంజునే రమ్మంటున్నారు. దాని అలవాటుకి ఎదురు అడుగుతున్నారు. మీరు పదేపదే పిలిస్తే 'ఈ పెట్ట తహతహలాడుతోంది, అదే వస్తుందిలే' అన్నట్టు కొమ్మ మీదే కూర్చుని కూస్తూ ఉంటుంది. మీరు పలికి ఊరుకుంటే వెతుక్కుంటూ వస్తుంది. మీరెంత బాగా పిలిచారన్న దాని కన్నా ఎప్పుడు ఆపారన్నదే ఎక్కువ లెక్క.

తూర్పు తెల్లబడుతున్నప్పుడు నిద్రమత్తులో ఉన్న పెట్టలా, లోగొంతుకతో మూడు చిన్న యెల్ప్‌లు. పుంజు వెంటనే గాబుల్ చేసిందా? చాలు. మీరెక్కడున్నారో దానికి గజం తేడా లేకుండా తెలిసిపోయింది. ఇక పరికరం కింద పెట్టేయండి. మళ్ళీ పలకాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి.

కాసేపటికి రెక్కల చప్పుడు వినపడుతుంది, దుప్పటి దులిపినట్టు. కింద వాలాయన్నమాట. అప్పుడు మీరు కూడా టోపీని తొడకేసి నాలుగుసార్లు కొట్టి, అయిదారు యెల్ప్‌లు కాస్త వేగంగా వేయండి. ఒక పెట్ట మీ దగ్గర వాలిందని దానికి అర్థమవుతుంది.

నేల మీదికి దిగాక

నా మూడో ఏడాది సంగతి చెప్తాను. పుంజు వాలింది, ప్రతి పిలుపుకీ పలుకుతోంది, అరవై గజాల్లో ఉంది. కనపడదు. నేను పిలుస్తాను, అది కూస్తుంది. నలభై నిమిషాలు ఇదే వరస. తరవాత కూత దూరమైంది, ఇంకా దూరమైంది, పోయింది. లేచి వెళ్ళి చూస్తే మా ఇద్దరి మధ్య మోకాలి లోతు కాలువ. అవతలి ఒడ్డున తడి ఇసుకలో దాని అడుగులు, వాటికి రెండు పక్కలా సన్నటి గీతలు. పురి విప్పి తిరుగుతున్నప్పుడు రెక్కల కొనలు నేలకి రాసుకున్న గీతలవి. అటూ ఇటూ, అటూ ఇటూ, నలభై నిమిషాలు అక్కడే పచార్లు చేసింది. ఎగిరితే ఒక్క రెక్క విసురులో దాటే కాలువ. దాటలేదు. నేను పిలుస్తూ ఉన్నంతసేపూ దాటాల్సిన అవసరం దానికి రాలేదు.

కాబట్టి అది ఒక చోట ఆగిపోతే మొదట పూర్తిగా ఊరుకోండి, పదిహేను, ఇరవై నిమిషాలు వాచీ చూసుకుని మరీ. మధ్యలో చేత్తో ఆకులు గీకండి: రెండు గీతలు, ఆగి, ఇంకో గీత. పెట్ట మేస్తున్న చప్పుడు అదే. దానికీ రాకపోతే, అది కనపడనంత దూరంలో ఉంటే, మెల్లగా వెనక్కి ముప్పై గజాలు జరిగి అటువైపు తిరిగి ఒక్కసారి పలకండి. పెట్ట వెళ్ళిపోతోందనుకుంటుంది. ఇద్దరు వెళ్ళినప్పుడు ఇంకా సులువు. కాల్చేవాళ్ళు ముందు, పిలిచేవాళ్ళు నలభై గజాలు వెనక కూర్చుంటే, పుంజు ఆగిపోయే చోటు సరిగ్గా తుపాకీ ముందే పడుతుంది.

కూతలు ఆగిపోయాయంటే పోయిందనుకుని లేవకండి. చాలా పుంజులు చివరి వంద గజాలు నోరు మెదపకుండా వస్తాయి. ఆ నిశ్శబ్దంలో ఒక శబ్దం కోసం చెవి పెట్టండి: 'ట్‌ఫ్' అని ఉమ్మినట్టు, వెంటనే దూరంగా బండి ఇంజన్ మోగినట్టు సన్నటి ఝుంకారం. అది చెవికన్నా ముందు ఛాతీకి తెలుస్తుంది. వినపడిందంటే పుంజు చాలా దగ్గర్లో పురి విప్పి ఉంది. కళ్ళు మాత్రమే తిప్పండి.

కాల్చే ముందు

తుపాకీ కదపాలంటే దాని తల చెట్టు వెనక్కి వెళ్ళినప్పుడే. పురి విప్పి ఉన్నప్పుడు మెడ లోపలికి లాక్కుని ఉంటుంది, అప్పుడు కాల్చొద్దు. నోటితో ఒక్క క్లక్ వేయండి, తల నిలువుగా లేపి చూస్తుంది. మెడ మీద ఈకలు ఆగి ఎర్రని గడ్డలు మొదలయ్యే చోటుకి గురి. 40 గజాలు దాటితే వదిలేయండి. దాని వెనక ఇంకో పక్షి ఉందేమో చూడండి, పెల్లెట్లు రెండింటికీ తగులుతాయి. తల, గడ్డం స్పష్టంగా కనపడితేనే సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) తీయండి. శబ్దాన్ని, కదలికని, రంగుని నమ్మి ఎప్పుడూ కాల్చకండి.

గడ్డం అంటే ఛాతీ మీద నుంచి వేలాడే నల్లని వెంట్రుకల లాంటి కుచ్చు. ఏడాది పుంజుని జేక్ అంటారు, దాని గడ్డం పొట్టిగా, విప్పిన తోకలో మధ్య ఈకలు పొడవుగా ఉంటాయి. ముదురు పుంజు తోక అంచు ఒకే వరసలో ఉంటుంది. జేక్‌ని కాల్చడం చట్టప్రకారం తప్పు కాదు, అయినా నేను వదిలేస్తాను. వచ్చే ఏడాది అదే కొమ్మ మీద కూస్తుంది.

పొద్దున ఏమీ జరగకపోతే

ఏడున్నరకే ఇంటికి బయలుదేరొద్దు. పొద్దున్నే పుంజు చుట్టూ నిజం పెట్టలుంటాయి, వాటితో మీరు పోటీ పడలేరు. సీజన్ ముదిరేకొద్దీ తొమ్మిది, పది గంటలకల్లా పెట్టలు గూళ్ళకి జారుకుంటాయి. అప్పుడు ఒంటరిగా మిగిలిన పుంజు మీ మొదటి పిలుపుకే పరుగెత్తుకొస్తుంది. నాకు దొరికినవాటిలో సగానికి పైగా ఆ వేళవే. వాన వెలిసిన పొద్దున అయితే అడవిలో కాకుండా బయలు నేలల అంచుల్లో కూర్చోండి, తడిసిన రెక్కలు ఆరబెట్టుకోవడానికి అక్కడికే వస్తాయి.

దొరికాక

సేఫ్టీ వేసి, ఆ తరవాతే లేవండి. కాలి ముళ్ళు పందెం కోడి ముళ్ళంత పదును, రెక్కలు కొట్టుకోవడం ఆగేదాకా కాళ్ళు పట్టుకోవద్దు. పర్మిట్ మీద గుర్తు వేసి, అదే రోజు రాత్రి 10 గంటల్లోపు టెలిచెక్ అనే రాష్ట్ర వ్యవస్థలో నమోదు చేయాలి. ఇది మర్చిపోతే పక్షి దొరికిన ఆనందమంతా జరిమానాతో పోతుంది.

ఇంటికి రాగానే స్నానం చేసి గోమార్ల కోసం ఒళ్ళంతా వెతకండి, మోకాలి వెనక, నడుము చుట్టూ, చెవుల వెనక. వెళ్ళేముందే బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టి ఉంచాలి. ఇక్కడి లోన్‌స్టార్ గోమారి కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అనే అలర్జీ వస్తుంది, ఆ తరవాత మటన్, బీఫ్ తింటే ఒళ్ళంతా దద్దుర్లు, ఒక్కోసారి ఊపిరాడని పరిస్థితి.

మాంసం త్వరగా చల్లబరచండి. చాలామంది ఇక్కడ ఛాతీ కండ కోసుకుని మిగతాది పారేస్తారు. మీరలా చేయొద్దు. ఛాతీ కండని ముక్కలు చేసి పెరుగు, అల్లంవెల్లుల్లిలో రాత్రంతా ఉంచి వేపుడు చేయండి, కొవ్వు ఉండదు కాబట్టి ఎక్కువసేపు ఉంచితే పీచులా అయిపోతుంది. కందనకాయ విడిగా. కాళ్ళు, తొడలు నాటుకోడి పులుసు పద్ధతిలో గసగసాలు, కొబ్బరి వేసి కుక్కర్‌లో సన్న మంట మీద 40, 45 నిమిషాలు ఉడకనివ్వండి. కాళ్ళలోని నరాలు ఎముకల్లా గట్టిపడి సన్నటి పుల్లల్లా ఉంటాయి, ఉడికాక కండ నుంచి సులువుగా ఊడి వస్తాయి. వడ్డించే ముందు వాటినీ, ఎక్కడైనా మిగిలిన పెల్లెట్లనీ ఏరేయండి, పిల్లల కంచాల్లో మరీ జాగ్రత్తగా.